ఎర్ర గీత దాటిన గొంతు

పోయిన గురువారం పొద్దున తొమ్మిదింబావుకు, ఎమ్మిగనూరులో మా ఇంటి అరుగు మీద నేను రోలు కడుక్కుంటూ ఉండగా, మా మేనత్త మనవడు ఆదోని బస్సు దిగి భుజాన ల్యాప్‌టాప్ సంచీతో వచ్చాడు. వాడు ఆదోనిలో పాటలు రికార్డు చేసే స్టూడియో నడుపుతాడు. పని తెలిసినవాడు. నేనంటే వాడికి ఇష్టమూ ఉంది, భయమూ ఉంది. కాళ్ళు కూడా కడుక్కోకుండా పెట్టె తెరిచి, "పెద్దమ్మా, నడుమ నోరు తెరవకుండా ఇను. అయిపోయినంక తిడతావో పొగుడుతావో నీ ఇష్టం" అని నా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించాడు.

మా మేనత్త పాడుతోంది. ముప్పై ఏళ్ళ కిందట ఆదోనిలో మా అన్న రికార్డింగ్ గదిలో, శబ్దం పెంచి తగ్గించే లెవెల్ నాబ్ మీద నా చెయ్యి ఉండగా ఆమె పాడిన, మా నేతవాళ్ళ అమ్మవారు చౌడమ్మ పాట అది. టేపు బుస లేదు, కిందనుంచి వచ్చే పత్తి మిల్లు హోరు లేదు, గొంతు ఒక్కటే కడిగిన కంచంలా మెరుస్తోంది. ఉన్నమాట చెప్పాలి గనుక చెబుతున్నాను, మొదటి రెండు చరణాలకు నా కళ్ళు తడిశాయి, మూడో చరణానికి అనుమానం పుట్టింది, చివరి చరణానికి ఒళ్ళు మండింది. హెడ్‌ఫోన్లు ఊడబీకి వాడి ఒళ్ళో పడేశాను.

వాడు చేసిన పని ఇది. పాటకు ముందు మా మేనత్త తిట్టిన తిట్లు ఆ టేపులో ఉన్నాయి, వాటిని కోసేశాడు. చివరి చరణంలో ఆమె గొంతు ఒక్కసారిగా పైకి లేచినచోట శబ్దం అక్కడక్కడా చిరిగింది, ఆ చిరుగులను కంప్యూటరుతో అతికి, లేచిన గొంతును కిందికి దించి పాటంతా ఒకే మట్టానికి తెచ్చాడు. మేనత్త పోయి ఏడాది కావస్తోంది, ఆ వచ్చే ఆదివారమే సంవత్సరీకం, చుట్టాలంతా చేరతారు, అక్కడ వినిపించి అందరి ఫోన్లకూ పంపుతానన్నాడు. పాత క్యాసెట్టు ఇక పనికిరాదు, దాని టేపు పొడిపొడిగా రాలిపోతోంది, అంతకుముందు వాడు కంప్యూటరులోకి ఎక్కించుకున్నదే మిగిలింది. అంటే ఆ ఆదివారం చుట్టాల ఫోన్లలోకి ఏది ఎక్కితే అదే ఇక లోకానికి మా మేనత్త గొంతు.

కుదరదన్నాను. ఉన్నది ఉన్నట్టు పెట్టమన్నాను.

"తిట్లు గూడానా?"

"తిట్లు గూడా."

"మాయమ్మను తిట్టింది గదా పెద్దమ్మా అందులో! సుట్టాలందరి ముందర మాయమ్మ మొగం యాడ పెట్టుకోవాల?"

వాడి వైపు న్యాయం లేకపోలేదు. కానీ న్యాయం ఉన్నంత మాత్రాన నేను తగ్గుతానా? వాడు అటు తిరిగి, నేను ఇటు తిరిగి కూర్చున్నాం. ఆ క్యాసెట్టు ఎట్లా పుట్టిందో తెలిస్తే నా పట్టుదల ఎందుకో నా ఈడువాళ్ళైన మీకు అర్థమవుతుంది, అందుకని చెబుతున్నాను.

మా అన్నది మొదట మైకుసెట్టు పని. జాతరలకూ పెళ్ళిళ్ళకూ హారన్లు కట్టి కట్టి, వాటి పక్కనే పడుకుని పడుకుని, ఒక చెవి పూర్తిగా పోగొట్టుకున్నాడు. ఇంటింటా టేప్‌రికార్డర్ మోగే కాలం వచ్చినప్పుడు ఆదోనిలో పత్తి మార్కెట్టు వెనకవీధిలో ఒక మిద్దె గది బాడుగకు తీసుకుని, గోడలకు పాత బొంతలూ గోనెసంచులూ కొట్టి, దానికి రికార్డింగ్ రూమ్ అని పేరు పెట్టాడు. ఆ బొంతల్లో సగం మా అమ్మ కుట్టినవే. భజన గుంపులు, కోలాటం వాళ్ళు, చర్చి పాటలవాళ్ళు, ఆటోలో మైకు కట్టుకుని ఊరంతా తిరిగే అంగళ్ళ ప్రకటనలవాళ్ళు, అందరూ ఆ మెట్లు ఎక్కినవాళ్ళే. ఒంటి చెవితో అన్నకు పని సాగలేదు. మొగుడు పోయి, ఎమ్మిగనూరులో మగ్గం గుంతలో ఒక్కదాన్నే కూర్చుని తువ్వాళ్ళు నేసుకుంటున్న నన్ను పిలిపించి, "పోగు యాడ తెగిందో నీ కన్ను పడతాది, ఎంత బిగువుండాల్నో నీ సెయ్యికి తెలుసు, ఆ పెట్టె ముందర కూసో" అన్నాడు. కూర్చున్నాను.

ఎనిమిది మైకులు తగిలించే మిక్సర్ అది. వరుసగా నాబులు, వాటి కింద పైకీ కిందికీ జారే మీటలు, అన్నిటికీ పైన పసుపు వెలుగులో రెండు మీటర్లు. సన్నటి ముల్లు, దాని వెనక అంకెలు, సున్నా దాటాక ఎర్ర గీత. నాకు అప్పటికి అక్షరం రాదు, అంకెలు వచ్చు, అదే చాలింది. ముల్లు ఎడమపక్క పడుకుని ఉంటే టేపు బుస గొంతును మింగేస్తుంది. కుడిపక్క ఎర్రలో తిష్ట వేస్తే గొంతు చిరుగుతుంది. పాట సున్నా దగ్గర ఆడుకుంటూ, గట్టి మాట పడినప్పుడు ఎర్రను ముట్టుకుని వెనక్కి రావాలి. మగ్గం మీది పడుగు కూడా అంతే కదా, వదులైతే చిక్కు, బిగిస్తే తెగుడు. మా అన్నకు మాత్రం ఒక్కటే శాస్త్రం, ముల్లు ఎర్రలోకి పోగూడదు. హారన్లు కాల్చుకున్న మనిషి, ఎరుపంటే ఆయనకు నిప్పే.

ఆడమనిషి ఆ పెట్టె ముందు కూర్చుంటే పాడనని ఒక భజన గురువు తంబూరా భుజాన వేసుకుని లేచాడు. నేనే లేచి వెళ్ళి ఆయన కోసం తలుపు తీసి పట్టుకున్నాను. ఎండలో మెట్ల మీద కాసేపు నిలబడి, మళ్ళీ లోపలికి వచ్చి, గోడవైపు తిరిగి పాడాడు. గోడవైపు తిరిగితే బొంతకు తగిలి గొంతు మెత్తగా వచ్చి, నాకు మంచే అయింది.

ఆ పనిలో అసలు చిక్కు వేరే ఉండేది. లెవెల్ పెట్టాలంటే ముందు మనిషి తన గొంతంతా విప్పి ఒక ముక్క పాడాలి. మనవాళ్ళు పాడరు. దేవుడి పాటను పరీక్షకు పాడటం తప్పు వాళ్ళకు. పాడమంటే మైకు ముందుకు వచ్చి, తాసిల్దారుకు అర్జీ ఇచ్చుకునే గొంతుతో "హలో, ఒకటి, రెండు" అంటారు. దాన్ని నమ్మి లెవెల్ పెడితే, కర్పూరం వెలిగించి అసలు పాట ఎత్తుకోగానే ముల్లు ఎగిరి ఎర్రలో కొట్టుకుంటుంది. అందుకని నేను వాళ్ళను హలో అననిచ్చేదాన్ని కాదు. నీ ఎద్దులను అదిలించు, పక్క చేనివాణ్ణి పిలువు, కోళ్ళను తోలు అనేదాన్ని. ఆస్పరి నుంచి వచ్చిన ఒకాయన అదిలింపుకు, కింద వీధిలో అంగడి ముందు నిలిపిన బండెద్దులు రెండడుగులు కదిలాయి. బండివాడు పైకి వచ్చి మాతో పోట్లాడి పోయాడు.

ఇక మేనత్త. నాకంటే పదేళ్ళు పెద్దది. వాళ్ళింట కొత్త పడుగు మగ్గానికి ఎక్కించిన రోజున చౌడమ్మ పాట ఆమే పాడాలి. కర్పూరం వెలిగాక మొదలుపెట్టాలి, మొదలుపెడితే నడుమ ఆపగూడదు, ఆ పొద్దు మళ్ళీ పాడగూడదు. ఆ పాట వినడానికి మా వీధిలో మగ్గాలు ఆపి నిలబడేవాళ్ళు. ఒక ఏడు ఆమె గొంతులో గడ్డ లేచింది. కర్నూలు పెద్దాసుపత్రిలో కోసి తీయాలన్నారు, తీశాక గొంతు ఉంటుందో పోతుందో చెప్పలేమని డాక్టరు ముందే చెప్పాడు. సోమవారం ఆసుపత్రిలో చేరాలి. ఆ ముందు శుక్రవారం ఆమెను ఆదోనికి పిలుచుకొని వచ్చాం. మళ్ళీ పాడించే వీలు లేదు. వచ్చేది ఒక్క పాట, ఒక్కసారి.

గుంతకల్లు వైపు రైలు వెళ్ళిపోయేదాకా ఆగి, కిటికీలు మూసి, ఫ్యాను ఆపాం. మేనత్త పీట మీద కూర్చుంది. ఒక ముక్క పాడి చూపమన్నాను.

"అమ్మవారిని పిలిసి, పనేం లేదు పో తల్లీ అని పంపేదా? నీ పెట్టె కోసరం?" అంది.

పోనీ ఎవరినైనా పిలువమంటే, నోటి దగ్గర కొంగు పెట్టుకుని "ఒకటి... రెండు..." అని గొణిగింది. ముల్లు కదిలీ కదలనట్టు ఉంది. అన్న నా చెవిలో, తక్కువలో పెట్టు, భద్రంగా ఉంటుంది అన్నాడు. భద్రమంటే ఏమిటి? బుసలో మునిగిన గొంతు. నేను టేపు నడిపించి, మేనత్తకు ఎక్కడ తగులుతుందో తెలిసినదాన్ని గనుక అక్కడే ఒక మాట వేశాను. పక్కనే ఆమె కోడలు ఉంది, ఈ మనవడి తల్లే, అప్పటికి పెళ్ళై ఏడాది కాని పిల్ల, వంత పాడటానికి వచ్చింది.

"నీకు ఆయాసమైతే ఊరికే ఉండత్తా. నీ కోడల్ని ముందర పాడనీ, నువ్వు ఎనక వంత పాడు. పిల్ల గొంతు నీదానికంటే బాగుండాది."

ఇక చూడండి.

"ఏమంటివే? నేను వంతనా? దీనెనకాలనా? పొయ్యిలో పిడక రాజెయ్యను రాదు, కండె సుట్టమంటే పిల్లి ఆడుకున్న ఉండ సేసి పెడతాది, ఇది ముందర పాడితే అమ్మవారు పీటెత్తుకోని మాధవరం ఏట్లో దూకుతాది! నువ్వొకదానివి, మగ్గం గుంతలో కూసోలేక ఈడికొచ్చి దొరసాని మాదిరి పెట్టె ముందర కూసుంటివి. ఓనమాలు రావు గానీ ముల్లు సూసి నా గొంతు కొలుస్తాదంట! మీయమ్మ బతికుంటే నీ నెత్తిన ఆసుకర్ర ఇరగ్గొట్టేది!"

నేను ఆమె మొహం చూడలేదు, ముల్లునే చూశాను. "ఇరగ్గొట్టేది" దగ్గర ముల్లు ఎర్రను ముట్టుకుని వచ్చింది. వెనక్కి తిప్పి విన్నాను, మాట మాటా తేటగా ఉంది. నాబ్ అక్కడే వదిలేసి, ఇప్పుడు పాడత్తా అన్నాను. పొగడ్తకు లేవని గొంతు తిట్టుకు లేస్తుంది, ఇది నేను ఏ బళ్ళోనూ నేర్చుకోలేదు.

కర్పూరం వెలిగింది. మొదటి చరణం, రెండోది, మూడోది, ముల్లు చెప్పినట్టు విన్నది. చివరి చరణంలో అమ్మవారిని గడప దాకా రమ్మని పిలుస్తారు. అక్కడ మేనత్త తిట్టినదానికంటే పైకి పోయింది. అంత పైకి ఆమె ఏనాడూ పోలేదు. ముల్లు ఎర్రంతా దాటి చివరి కడ్డీకి కొట్టుకుంది. అన్న చెయ్యి మీట వైపు వచ్చింది. నేను ఆ మణికట్టు పట్టుకున్నాను. ఆయన లాగాడు, నేను వదల్లేదు. రికార్డింగ్ నడుస్తోంది గనుక ఆయన నోరు విప్పడానికి లేదు, నాకు చెయ్యి విప్పే ఉద్దేశం లేదు. ఇద్దరం ఊపిరి బిగబట్టి, కళ్ళతో పోట్లాడుకుంటూ, కర్పూరం ఆరేదాకా అట్లాగే ఉన్నాం. ఎందుకు పట్టుకున్నానంటే, ఆ క్షణాన మీట కిందికి లాగితే వినేవాడికి ఆమె పైకి పోతున్నట్టు కాదు, దిగుతున్నట్టు వినిపిస్తుంది. సోమవారం సంగతి తెలిసి, ఉన్నదంతా ఊడ్చి పెడుతున్న మనిషిని నేను దించను. అప్పుడూ దించలేదు, అడిగితే ఇప్పుడూ అదే చెబుతాను.

టేపు తిప్పి విన్నాం. చివరి చరణంలో గొంతు అక్కడక్కడా బర్రున చిరిగింది.

"సెడగొడితివి గదా!" అని అన్న నా మీదికి వచ్చాడు.

మేనత్త చెమట తుడుచుకుంటూ, "నా గొంతు అంతే ఉంటాదప్పా. మోసేదానికి నీ పెట్టెకు సత్తువ లేకపోతే నన్నేం సెయ్యమంటావు?" అంది.

ఆపరేషన్ బాగానే అయింది, మనిషి దక్కింది. గొంతు దక్కలేదు. ఆ తర్వాత ఆమె ఎన్నేళ్ళు బతికినా గుసగుసగానే బతికింది. చెవి ఆమె నోటి దగ్గర పెడితేనే మాట వినబడేది. తర్వాత వచ్చిన కోడళ్ళూ, పుట్టిన మనవలూ, ఎంత నెమ్మది మనిషో అనేవాళ్ళు. నాకు నవ్వూ వచ్చేది, మంటా పుట్టేది. నెమ్మదట! మా వీధి చివర కూర్చుని ఈ చివరి మనిషిని నిలబెట్టిన గొంతు అది. ఈ మనవడు కూడా గుసగుసలాడే జేజినే, ఆ నాయనమ్మనే ఎరుగును, ఆమె పాట వాడు టేపులోనే మొదట విన్నాడు. అందుకే దాన్ని బంగారంలా తోమి పెట్టుకున్నాడు, వాడి ప్రేమను నేను కాదనను.

గురువారం సంగతికి వస్తాను. ఎంతసేపు కూర్చున్నా తగువు తెగలేదు. చివరకు, తిట్లు పడింది మీయమ్మ, తేల్చేది కూడా ఆమే అని, వాణ్ణి వెంటబెట్టుకుని రెండు వీధుల అవతల వాళ్ళింటికి పోయాను. ఆమె నాకు చెల్లెలి వరస. నలభై దాటిన చాన్నాళ్ళకు, మధ్యాహ్నాలు మగ్గాల మధ్య కూర్చోబెట్టి నాకు అక్షరాలు దిద్దించింది ఆమే. అత్త పేరు చెబితే ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడుతుంది. అందుకే లోపల భయంగానే ఉంది, ఆమె కొడుకు పక్కనే చేరుతుందని.

రాట్నం ఆపి విన్నది. మొదట వాడు తోమింది, తర్వాత తోమకముందరి నా పాతది. పాతదానిలో తిట్లు వస్తుంటే కళ్ళు మూసుకుంది. అయిపోయాక హెడ్‌ఫోన్లు తీసి, జుట్టు సర్దుకుని, కొడుకుతో అంది:

"ఆపరేషన్ అయినంక ఆయమ్మ నన్ను ఒక్క మాట అన్లేకపాయ. పల్లెం మీద గంటె కొడితే నేను ఉరుకుతాంటి. నా మీద కోపమొచ్చినా గంటే, ఆకలైనా గంటే. తిట్టేది ఉండి తిట్టలేక ఆయమ్మ నన్ను ఎట్ల సూసేదో నీకేం తెలుసు? అవి నా తిట్లు. నాకు పడినేటివి కోసేదానికి నువ్వెవడివి రా?"

"సుట్టాలు నవ్వుతారమ్మా."

"నవ్వనీ. నేనూ నవ్వుతా."

"సరే, తిట్లు పెడతా. ఆ బర్రుమనేది మాత్రం పెద్ద స్పీకర్లలో సెవులు కోస్తాది పెద్దమ్మా, అదన్నా ఒప్పుకో."

ఒప్పుకోనన్నాను. వాడు తల కొట్టుకుని, "నువ్వు పోయినంక బాగు సేసుకుంటా లే" అన్నాడు. ఆ మాటకు ముగ్గురం నవ్వాం గానీ, నేను నవ్వుతూనే వాడి చేత అక్కడికక్కడే పాతదాన్ని వాడి ఫోన్లో ఎక్కించి, మా ఇద్దరి ఫోన్లకూ పంపించుకున్నాక గానీ లేవలేదు.

మొన్న ఆదివారం ఉన్నది ఉన్నట్టే వినిపించాడు. తిట్లు మొదలవగానే పిల్లలు ఉలిక్కిపడి, ఎవరీమె, ఎవరీమె అని అడిగారు. మీ జేజి అని చెప్పింది కోడలే, పెద్దగా, అందరికీ వినబడేటట్టు.

ఇప్పుడు లెవెల్ పెట్టే మనిషి అక్కర్లేదట. ఫోను ముందు గొణిగినా, కొండెక్కి అరిచినా, అదే పెంచి అదే తగ్గించి అన్నిటినీ ఒక మట్టానికి తెస్తుందట. వినడానికి సుఖమే. కానీ ఎవరు ఎంత గట్టిగా పిలిచారో, పిలవడానికి ఎంత ఖర్చయ్యారో ఇక ఎవరికి తెలుస్తుంది? మన కాలంలో మన గొంతులు పెట్టెలకు పట్టేవి కావు. పట్టనివాళ్ళను కుదించి పట్టించడం బాగుచేయడమంటే నేను ఒప్పను, ఎంతమంది చెప్పినా ఒప్పను.

ఆ శుక్రవారం ఆ గదిలో ఎవరెవరం ఉన్నామో రాసి ఆపుతాను. పీట మీద మా మేనత్త. ఆమె వెనక వంతకు కోడలు. తాళాలు పట్టుకుని మేనత్త కొడుకు. మద్దెల మీద పక్కింటి మామ. తలుపు దగ్గర, ఎవరూ మెట్లెక్కకుండా కాపలాగా మా వదిన. మిక్సర్ ముందు నేను. నా పక్కన మా అన్న, మణికట్టు నా చేతిలో.